ముందు మాట, తర్వాత నీళ్లు

డైరెక్టరుగా అది మొదటిరోజు. గ్రంథాలయం గడపలో అడుగు పెట్టగానే, అప్పటిదాకా కబుర్లతో గలగలమంటున్న కౌంటరు ఠక్కున మూగబోయింది.

కొత్త డైరెక్టరమ్మ నవ్వింది. ఎవరూ తిరిగి నవ్వలేదు. లేచి నిలబడ్డారు, నమస్కారం పెట్టారు, అంతే. పుస్తకాలకు ముద్ర వేసే అమ్మాయయితే తల కూడా ఎత్తలేదు.

తన గదికి కూడా వెళ్లకుండా ఆమె నేరుగా వెనక వరండాలోకి నడిచింది. ఆ చివర బైండింగ్ గది. తలుపుకు తాళం వేసుంది. కిటికీలోంచి తొంగిచూస్తే ఖాళీ బల్ల, దానిమీద బోర్లించిన స్టూలు. జిగురు వాసన మాత్రం ఇంకా పోలేదు.

"సోమవారం ముందుగా మీ గదికే వస్తాను" అని శుక్రవారం బైండరు పెద్దాయనకు మాటిచ్చింది తను. "రండమ్మా, గది అక్కడే ఉంటుంది" అన్నాడాయన. తీరా వస్తే మనిషే లేడు.

ఎందుకు లేడో ఆమెకు ఇట్టే అర్థమైపోయింది. మొహం చెల్లక! శుక్రవారం జరిగిందంతా వచ్చి ఇక్కడ టాంటాం వేసుంటాడు. కొత్త డైరెక్టరు ట్రైనింగులో చిన్నపిల్లలా ఏడ్చిందని చెప్పి నవ్వించుంటాడు. అందుకే ఈ మొహాలన్నీ ఇలా ఉన్నాయి.

శుక్రవారం నాయకత్వ శిక్షణకు ఆఖరి రోజు. ఆ రోజు పాఠం, చేదు మాట చెప్పడం ఎలాగని. ఒకరు అధికారి, ఒకరు ఉద్యోగి. ఉద్యోగం పోయిందని అధికారి మొహమ్మీదే చెప్పాలి. అంతా ఉత్తుత్తి నాటకం.

"మీకోసం మీ గ్రంథాలయం నుంచే ఒకాయన్ని పిలిపించాం మేడం. బైండరు. నటించడానికి పాపం ఒప్పుకున్నాడు" అన్నాడు శిక్షణ ఇచ్చే పెద్దమనిషి.

గ్రంథాలయ కమిటీ ఛైర్మన్ కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. ఆమెను ఏరికోరి ఎంపిక చేసింది ఆయనే. తన పాఠం చూడ్డానికి పని మానుకుని వచ్చాడని ఆమె మురిసిపోయింది.

పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి ఎదురుగా కూర్చున్నాడు. గోళ్ల చుట్టూ జిగురు ఎండిపోయి ఉంది.

ఇంట్లో తమ్ముణ్ణి కసరడం కూడా చేతకాని మనిషి ఆమె. "చూడండి..." అంటూ మంచినీళ్ల గ్లాసు ఆయన వైపు జరిపింది. అక్కడితో మాట పెగల్లేదు. రెండోసారీ అదే తంతు. పైగా ఈసారి కళ్లనీళ్లు పెట్టేసుకుంది. శిక్షణకు వచ్చిన మిగతావాళ్లు కిసుక్కుమన్నారు.

"మళ్లీ" అన్నాడు వెనకనుంచి ఛైర్మన్. "తడబడకుండా మొత్తం చెప్పాలి."

అప్పుడు పెద్దాయనే ముందుకు వంగాడు.

"అమ్మా, నీళ్లు ముందివ్వకండి. ముందే ఇస్తే ఏదో మంచిమాట చెబుతారని ఆశ పుడుతుంది. మాట చెప్పేసి ఇవ్వండి. నీళ్లు కావాల్సింది అప్పుడే."

"నాకు భయంగా ఉందండీ."

"నా మొహం చూడకండి. చేతుల వైపు చూసి చెప్పండి. గట్టిగా చెప్పండమ్మా, నేనేమీ అనుకోను."

ఆమె ఆ చేతుల వైపు చూసింది.

"బైండింగ్ గది మూసేస్తున్నాం. రేపట్నుంచి మీరు పనిలోకి రానక్కర్లేదు. ఇన్నాళ్లూ చేసినందుకు చాలా సంతోషం."

ఒక్క అక్షరం తడబడలేదు. గ్లాసు జరిపింది. పెద్దాయన ఎత్తిన గ్లాసు దించకుండా తాగేశాడు.

చప్పట్లే చప్పట్లు. ఛైర్మన్ లేచి "శభాష్" అని వెళ్లిపోయాడు.

"ఎంత సహజంగా చేశారండీ!" అంది ఆమె, ఆయన చేతులు పట్టుకుని.

"మీరూ బాగా చెప్పారమ్మా. ఇంక ఎవరికైనా చెప్పగలరు."

ఆ మాట తలుచుకుంటూనే ఇంటికి వెళ్లింది. ఎవరూ తెలియని కొత్త చోట తనకంటూ ఒక మనిషి దొరికాడని సంబరపడింది. ఆ మనిషే నమ్మించి గొంతు కోశాడు.

వరండాలోంచి విసవిసా తన గదిలోకి వచ్చి బెల్లు కొట్టింది. హెడ్‌క్లర్కు వచ్చింది. వయసులో ఈమెకన్నా పెద్దావిడ.

"ఆ బైండరుని పిలవండి."

ఆవిడ కదల్లేదు.

"మీకే చెప్పేది! నాలుగు మాటలు అడిగి కడిగేయాలి ఆయన్ని." గొంతు ఏమాత్రం వణకలేదు. శిక్షణ బాగానే వంటబట్టింది.

"ఎక్కడినుంచి పిలవమంటారు మేడం? రావద్దని చెప్పింది మీరేగా. సుత్తీ సూదులూ సంచిలో వేసుకుని శుక్రవారం సాయంత్రమే వెళ్లిపోయాడు."

"అది నాటకమండీ!" ఆమె కుర్చీలోంచి లేచిపోయింది. "ట్రైనింగులో ఉత్తుత్తినే ఆడించిన నాటకం. ఎలా చెప్పాలో ఆయనే నేర్పాడు నాకు. కావాలంటే ఆయన్నే అడగండి!"

హెడ్‌క్లర్కు మొదటిసారి ఆమె మొహంలోకి తేరిపార చూసింది. బల్లమీది మంచినీళ్ల గ్లాసు అందుకోబోయి ఆగింది.

"నాటకమని కమిటీవాళ్లు మీ ఒక్కరికే చెప్పినట్టున్నారు మేడం, ఆయనకు మాత్రం ఉద్యోగం పోయిందని ముందురోజే చెప్పి, ఆ మాట మీ నోటితో వినిరమ్మని పంపించారు."