స్వచ్ఛమైన నీళ్లు

వారం రోజుల్లో నాలుగోసారి డిస్టిల్డ్ వాటర్ మెషీన్ మూత విప్పి కూర్చున్నాడు ముసలి మెకానిక్.

పరిశోధకురాలికి తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇంకెన్నాళ్లండీ? నీళ్లు లేకుండా నేనేం చెయ్యాలి?"

"కాయిల్ రావాలమ్మా. అంతవరకు పంపు నీళ్లు పట్టుకోండి."

"పంపు నీళ్లా! ఇది ల్యాబండీ, అంట్లు తోమే చోటు కాదు!"

ఆమె చిరాకులో న్యాయముంది. బట్టలకు వేసే రంగును విషపు ద్రావకంలో కాకుండా ఉత్త నీళ్లలోనే తయారు చేయవచ్చని ముప్పై ఏళ్ల కిందట ఒక ప్రొఫెసర్ వ్యాసం రాశారు. ఆ తర్వాత అది ఆయనకే మళ్లీ కుదరలేదు. ఈమె మూడేళ్లుగా దాన్నే పట్టుకుని వేలాడుతోంది. రంగుల ఫ్యాక్టరీలో ఆ ద్రావకం పీల్చి పీల్చి ఆమె అక్క ఊపిరితిత్తులు పాడయ్యాయి మరి. శనివారం సాయంత్రంలోగా ఫలితం చూపించకపోతే ప్రాజెక్టు మూసేస్తామన్నారు పైవాళ్లు. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇప్పుడే ఈ మెషీన్ చెడింది.

"ఒక్కసారి పంపు నీళ్లతో చేసి చూడండమ్మా. నా మాట వినండి."

"మీ పని మీరు చూసుకుంటారా, నాకు కెమిస్ట్రీ నేర్పుతారా?"

"నేర్పేంతవాణ్ణి కాదమ్మా. కానీ..."

"ఇక వెళ్లండి!"

ఆ కోపంలోనే అతని కంపెనీకి ఫిర్యాదు రాసి పడేసింది.

శనివారం వచ్చినా మెషీన్ బాగుపడలేదు. నిండా మునిగినవాళ్లకు చలేమిటని తిట్టుకుంటూ, ఆమె పంపు కింద ఫ్లాస్కు పెట్టింది.

మధ్యాహ్నానికి అడుగున చిక్కటి నీలం పేరుకుంది.

నమ్మలేక మళ్లీ చేసింది. మళ్లీ నీలమే. పంపు నీళ్లలోని ఏ ఖనిజమో ఆ పని చేస్తోంది.

చేతులు తుడుచుకోకుండానే కంపెనీకి ఫోన్ చేసింది.

"ఆ మెకానిక్‌గారిని ఒక్కసారి పంపిస్తారా?"

"మీ ఫిర్యాదు చూసి నిన్ననే తీసేశాం మేడమ్. ఎక్కడికెళ్లాడో తెలీదు."

ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండింది. కాసేపటికి ప్రొఫెసర్ నంబరు నొక్కింది.

"పంపు నీళ్లేమిటి?" పెద్దాయన విసుక్కున్నారు. "నా బల్లమీద ఎప్పుడూ డిస్టిల్డ్ వాటరే ఉండేదమ్మా."

"గుర్తు చేసుకోండి సార్."

"అప్పట్లో మెషీన్ చెడిందని చెప్పకుండా, నెలరోజులు నా సీసాల్లో పంపు నీళ్లు నింపిపెట్టాడని మా అటెండర్ని పనిలోంచి తీసేశాను. ఇప్పుడు ఆ మెషీన్లే రిపేరు చేసుకుంటూ బతుకుతున్నాడట, పాపం."