తుమ్మకొమ్మ ఎత్తు

బియ్యం మిల్లు వెనక కుంట మీదికి ఒక తుమ్మకొమ్మ వంగి ఉండేది. దానిమీద ఎప్పుడూ ఇరవై గోరింకలే కూర్చునేవి. ఇరవై ఒకటోదానికి చోటుండదు.

ఆ ఏడు వయసులో ఉన్న ఒక గోరింక ఎగురుతూనే గుండె ఆగి నీళ్లలో పడింది. అలా పడినవాటిలో అది మూడోది.

ఎక్కడో అడవి నుంచి వచ్చి అక్కడ పిల్లల్ని పెంచుకుంటున్న తల్లి గోరింకకు భయం పట్టుకుంది. కుంటలోని ముసలి తాబేలును అడిగింది. "తాతా, నా పిల్లలు మరీ లావుగా ఉన్నారా?"

పక్క గోరింకలు నవ్వాయి. "మా పిల్లల్లాగే ఉన్నారులే వదినా. కడుపునిండా మిల్లు తవుడు దొరికితే అదీ ఒక బెంగేనా?"

తాబేలు నెమ్మదిగా అంది. "మీ ముత్తవ్వల కాలంలో ఇరవై మందీ కూర్చున్నా ఈ కొమ్మ నా మెడకు అందేది కాదమ్మా. ఇప్పుడు నా డిప్పకు రాసుకుంటోంది."

"నీళ్లు పెరిగుంటాయి," అంది ఒక పక్క గోరింక.

"నీళ్లు ఆ బండ దగ్గరే ఉన్నాయి."

"అయితే కొమ్మ ముసలిదై వంగింది."

"ఒక్కసారి అందరూ లేవండి."

ఇరవై గోరింకలూ లేచాయి. కొమ్మ మెల్లగా పైకి లేచి, తాబేలు మెడకు అందనంత ఎత్తున నిలిచింది. అన్నాళ్లూ ప్రతి ఒక్కటీ పక్కదాన్ని చూసి తాను బాగానే ఉన్నాననుకుంది. కొమ్మ మాత్రం అన్నింటినీ కలిపి మోసింది.

మర్నాటి నుంచి తల్లి తన పిల్లల్ని తవుడు మాన్పించి, కాలువ అవతలికి మిడతల వేటకు తీసుకెళ్లసాగింది. మిగతావి వేళాకోళం చేస్తూనే ఒక్కొక్కటిగా వెంట వెళ్లాయి.

చాలా ఏళ్లకు, ఆ గోరింకల్లో ఒక్కటీ మిగలని కాలంలో, తాబేలు కొమ్మ కిందికి వచ్చి మెడ చాచింది. అందలేదు. ఇంకా చాచింది. పైన ఇరవై గోరింకలు తేలిగ్గా ఊగుతున్నాయి.

"ఏం వెతుకుతున్నావు తాతా?" అని ఒక పిల్ల అడిగింది.

"ఎప్పుడో పోయిన ఎత్తు ఒకటి, దొరికిందమ్మా," అంటూ తాబేలు మెడ లోపలికి తీసుకుంది.