ఆడవాళ్ళ మేడ మీద హెన్యా

విల్కోమిర్ ఊళ్ళో యూదుల ప్రార్థనా మందిరమైన సినగాగులో చదువురాని ఆడవాళ్ళకు ప్రార్థన చదివి వినిపించే పని గ్నేసాది. అందరూ ఆవిడ వెనకే వల్లించేవారు, ఆవిడ ఏడవమన్న చోట ఏడ్చేవారు. ఆవిడ పోయాక ఆ పని కూతురు హెన్యా మీద పడింది.

పాపాలకు క్షమాపణ వేడుకునే పెద్ద ఉపవాసం రేపనగా, చీకటి పడ్డాక ఒకసారి చదివి చూసుకుందామని హెన్యా కొవ్వొత్తి పట్టుకుని, సినగాగులో ఆడవాళ్ళు కూర్చునే మేడ ఎక్కింది. ఖాళీ బెంచీల ఎదుట నిలబడి, లోగొంతుకతో చదవడం మొదలుపెట్టింది. కాసేపటికి, తనలో తానే సిగ్గుపడుతూ, "ఇక్కడ ఏడవండమ్మా" అంది.

చీకట్లో ఎవరో వెక్కారు. ఆ వెనక ఇంకొకరు. మెల్లగా బెంచీలన్నిటి నుంచీ సన్నటి ఏడుపు వినబడింది.

హెన్యా చదవడం ఆపి మెట్ల వైపు తిరిగింది.

"ఆగిపోయావేంటే తల్లీ?" అంది అమ్మ గొంతు. "కాస్త గట్టిగా చదువు. వెనకవాళ్ళకి వినబడట్లేదంట."

హెన్యా కళ్ళు తుడుచుకుని పేజీ తిప్పింది.