చిన్న చక్రం

ఆదివారం ఇంట్లో అమ్మ, అన్న, అన్న దోస్తు జోసెఫ్, నేను ఉన్నాం.

వాకిట్లో అన్న విన్యాసాలు చేసే తన ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ హ్యాండిల్‌ను గిర్రున తిప్పాడు. ముందు చక్రం మళ్లీ ఫ్రేముకు తగిలి ఆగింది.

"గిట్లయితే కోదాడ సైకిల్ స్టంట్ల పోటీల మనం ఖతం," అన్నాడు జోసెఫ్.

ధైర్యం చేసి నోరు తెరిచాను. "జర చిన్న చక్రమేస్తే తగలదు గదా అన్నా?"

"అబ్బో, చెల్లె మెకానికైంది!" జోసెఫ్ నవ్వాడు. నాకు సంతోషమేసింది.

అన్న నా చిన్న సైకిల్ పడుకోబెట్టి, ముందు చక్రం విప్పాడు.

"అన్నా, నేను బడికెట్ల పోవాలె?"

"రెండు నెల్లు నడువు. పది అయిపోతది గద."

"మరి సూర్యాపేట కాలేజీకి?"

"నిన్ను కాలేజీకి పంపుతమని ఎవరన్నరే?"

గుమ్మంలో ఉన్న అమ్మ వైపు చూశాను. అమ్మ తల దించుకుని తలుపు మూసింది.