మగ్గాల గది

“సంతకం అయ్యాక చెబుదాం. ముందే చెబితే ముసలమ్మలు ఎగిరిపడతారు,” అన్నాడు కళాకారుల బృందం కార్యదర్శి.

“మాట తప్పడమే కాక, దొంగచాటుగానా?” బొమ్మలేసే అమ్మాయి కుర్చీ తన్ని లేచింది.

మూతపడ్డ బట్టల మిల్లు అది. కూల్చడానికొచ్చిన బుల్‌డోజర్లకి ఆరేళ్లపాటు అడ్డంగా పడుకున్నారు ఈ కళాకారులు. వాళ్లకంటే ముందు వరసలో పడుకున్నారు, అందులో మగ్గాలు నడిపిన ఆడవాళ్లు. పడుకుని గెలిచిన ఉద్యమం బహుశా ఇదొక్కటే! చివరికి మిల్లు ఆ కార్మికుల సంఘానికే దక్కింది. ఇవాళ సంఘం అధ్యక్షురాలు సంతకం పెడితే ముప్పై ఏళ్ల లీజు మీద కళాకారుల చేతికొస్తుంది. నాటకాలు, బొమ్మలు, పాటలు, అన్నీ ఇక్కడే. ఆడవాళ్ల షరతు ఒకటే: మగ్గాల గది జోలికి రాకూడదు.

“ఆ పన్నెండు మగ్గాలూ పీకేస్తే నలభై టేబుళ్లు పడతాయి,” అన్నాడు కార్యదర్శి. “కాఫీ కంపెనీ వాడు ఆ గదే కావాలంటున్నాడు. మగ్గాలు పోతేనేం, మగ్గులొస్తాయి!”

తన జోకుకి తనే పొట్ట పట్టుకుని నవ్వాడు.

“సిగ్గులేదూ? మనల్ని లాకప్‌లో వేస్తే క్యారియర్లు మోసింది వాళ్లే!”

“అందుకేగా, ప్రారంభోత్సవంలో ముందు వరస ఇస్తున్నాం! ఫొటో తీసి గోడకి తగిలిద్దాం. మనుషులకన్నా ఫొటోలే నయం, దగ్గవు.”

“మెల్లగా! బయటే ఉన్నారు.”

“గొంతు చించుకున్నా పర్లేదమ్మా. ఇది మనం ముందే కట్టేసుకున్న రికార్డింగ్ స్టూడియో. మూడు పొరల అద్దం. పైగా ఆ మగ్గాల మోతకి వాళ్ల చెవులెప్పుడో పోయాయి.”

అద్దానికి అవతల, బెంచీ మీద, ఉతికి ఇస్త్రీ చేసిన చీరల్లో ఎనిమిదిమంది కూర్చున్నారు. రెప్ప వేయకుండా లోపలికే చూస్తున్నారు.

కార్యదర్శి వాళ్లవైపు తిరిగి చెయ్యి ఊపాడు. “నవ్వండి పెద్దమ్మలూ, నవ్వండి! మీ గది గోవిందా!”

ఎవరూ చెయ్యి ఊపలేదు.

“చూశావా? చూపు కూడా ఆనట్లేదు, పాపం.”

బొమ్మలమ్మాయికి కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. “నేను చెప్పేస్తాను.”

“చెప్పుకో. ఆ చెవిటాళ్ల తలకెక్కేలోపు సంతకం సిరా ఆరిపోతుంది.”

తలుపు తీశాడు. గొంతుకి పంచదార పూశాడు. “రండి పెద్దమ్మా! మీ మగ్గాల గదికి రంగులు కూడా వేయించేస్తాం!” అని అధ్యక్షురాలి చెవిలో అరిచాడు.

ఆవిడ కాగితం అందుకుంది. కళ్లజోడు సర్దుకుంది. పెన్ను మూత తీసింది. మళ్లీ పెట్టేసింది. కాగితాన్ని నిలువునా చింపి, అడ్డంగా చింపింది.

“నీ నలభై టేబుళ్లూ ఇంకెక్కడైనా వేసుకో నాయనా,” అంది, “ఆ మోతలో ఒకరి మాట ఒకరికి వినపడక, ముప్పై ఏళ్లు మేం పెదాలు చూసే మాట్లాడుకున్నాం.”