డబ్బాలో దిగిన అల్లుళ్ళు

నాకు దోమల భాష వచ్చంటే మా ఆవిడ నమ్మదు. తెలుగు వచ్చన్నా నమ్మదు. అయినా విన్నది చెబుతాను.

మా పెరట్లో నీళ్ళ డ్రమ్ము సూదమ్మ అనే ముసలి దోమది. ఒకరోజు ల్యాబు నుంచి మనుషులు వచ్చి ఒక డబ్బా మూత తీసి మగదోమల్ని గుంపుగా వదిలారు. అందరూ నున్నగా, ఒకే కొలతలో ఉన్నారు.

"ల్యాబు సంబంధాలు! మన డ్రమ్ము కుర్రాళ్ళు వీళ్ళ ముందు నిలబడగలరా?" అని సూదమ్మ పెళ్ళీడుకొచ్చిన కూతుళ్ళందరినీ వాళ్ళకే ఇచ్చేసింది.

గోడ మీది బల్లి ఉండబట్టలేక చెప్పింది. "వదినా, వాళ్ళకి పిల్లలు పుట్టకుండా చేసి మరీ పంపారు. మనుషులు అనుకుంటుంటే విన్నాను."

"మమ్మల్ని మింగేదానివి, మా మీద నీకెందుకే ఇంత ప్రేమ?"

"మీ వంశం ఆగిపోతే నేనేం తినను?"



కూతుళ్ళు డ్రమ్ము నిండా గుడ్లు పెట్టారు. ఒక్కదాంట్లోంచీ పిల్ల బయటికి రాలేదు. సూదమ్మ వాళ్ళని వరసగా నిలబెట్టి దులిపేసింది.

"లోపం మీలోనే ఉందే. అంత పెద్ద చోటు నుంచి వచ్చిన అల్లుళ్ళని అనడానికి నోరెలా వస్తుంది?"

అంతలో ఇంకో డబ్బా మూత తెరుచుకుంది. అప్పుడే రెక్కలొచ్చిన ఆఖరి కూతురు డ్రమ్ము అంచున కూర్చున్న బక్క కుర్రాడిని చూపించింది.

"నాకు ఇతను చాలమ్మా."

సూదమ్మ దాన్ని డబ్బా వైపు తోసుకుంటూ పోయింది.

"నోర్మూసుకుని నడు. నువ్వైనా మన వంశం నిలబెట్టు."