పన్నెండు ఫ్రేములు

"పాత కార్డే ఎట్టీయన్నా" అంది అనిత, సీపీయూని కౌంటరు మీద దించుతూ.

వినోద్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. శ్రీకాకుళంలో పద్నాలుగేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. ఇలాంటి మాట ఎవరి నోటా వినలేదు.

అనితది సముద్రం ఒడ్డు ఊరు. ఎచ్చెర్లలో ఎంసీఏ చదువుతోంది. మూడు రోజుల క్రితం ఈ సీపీయూనే తెచ్చింది. ఉప్పుగాలికి లోపల తుప్పు పడుతోందని, శుభ్రం చేసిమ్మని మాత్రమే అడిగింది. వినోద్ శుభ్రం చేశాడు. అంతటితో ఊరుకుంటే వాడు వినోద్ ఎలా అవుతాడు? అందులో ఉన్న ఒకే ఒక్క ఆటను తెరిచి చూశాడు. మంచు కమ్మిన సముద్రంలో ఒంటరి పడవవాడు ఒడ్డు వెతుక్కునే ఆట. ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు కూర్చుని చేసిందట, చూస్తుంటే నిజంగా చలేసింది. కానీ మంచు చిక్కబడేసరికి పడవ ఈడ్చుకుంటూ నడిచింది. సెకనుకి అరవై బొమ్మలు, అంటే అరవై ఫ్రేములు, గియ్యాల్సిన గ్రాఫిక్స్ కార్డు పద్నాలుగు గీసి చేతులెత్తేస్తోంది. వినోద్‌కి మనసొప్పలేదు. తన దగ్గర ఖాళీగా పడున్న మంచి కార్డు ఒకటి ఊరికే బిగించి పంపాడు.

"కొత్త కార్డు ఆడట్నేదా ఏటమ్మా?"

"ఆడతన్నాది. అరవైకి ఒక్కటి తగ్గట్నేదు."

"మరింకేటి?"

"మా నాన్నే ఆడట్నేదు. రోజుకి మూడుసార్లు కూకునీవోడు. నువ్వు కార్డు మార్సినకాడి నించీ పడవ రాళ్ళకి గుద్దీస్తన్నాది. రెండ్రోజులై ఆ కుర్సీ మొకమే సూడ్నేదు. ఆయన మళ్ళీ వచ్చి కూకోవాలన్నా. నాకంతే గావాల."

పక్క జెరాక్సు షాపు నరసింగరావు తలుపులోంచి తొంగిచూశాడు. పని లేనప్పుడూ, ఉన్నప్పుడూ కూడా ఆయన ఉండేది ఇక్కడే.

"మీ నాన్న ఏటి సేస్తాడమ్మా?"

"సేపల ఏటకెల్లీవోడు. ఎల్లాజీ అంటే మా ఒడ్డంతటికీ తెలుసు."

"సముద్రాన్నే ఏలినోడికి బొమ్మ పడవ లొంగట్నేదా! ఒరే వినోదూ, మంచి పడవని పాడు సేసీసినావురా."

వినోద్‌కి చురుక్కుమంది.

"తప్పు నాది కాదు మావా. ఈ ఆట సేసినోళ్ళు పడవ జోరుని ఫ్రేములకి ముడేసీసినారు. ఫ్రేములు తగ్గితే పడవ నెమ్మది, పెరిగితే జోరు. నానిచ్చింది అసలు జోరు. ఇన్నాళ్ళూ ఆయన ఆడింది దాని నీరసాన్ని."

"ఆ నీరసమే గావాలన్నా" అంది అనిత.

"నాలుగు రోజులు ఆడితే అలవాటైపోద్దమ్మా."

"ఇప్పుడే అవదన్నా."

చదువుకున్న పిల్ల, మాట మీద గట్టిగా నిలబడింది. వినోద్ మూతి ముడుచుకునే పాత కార్డు వెతికి బిగించాడు. ఆట తెరిచాడు. తెర మూల అంకె పద్నాలుగు చూపించింది. పడవ ఒక రాయి దాటి రెండో రాయి వైపు కదిలింది. అనిత కౌంటరు మీద వేలితో తడుతూ లెక్కపెట్టింది.

"తొమ్మిది లోపే ఎల్లిపోనాదన్నా. ఇంటికాడ పది పట్టీది."

"దుమ్ము దులిపినాను గదా, కార్డు సల్లగా ఉండి రెండు ఫ్రేములు ఎక్కువిస్తన్నాది. ఒక్క లెక్కలో ఏటైపోద్ది?"

"గుద్దీస్తాది."

అంత నమ్మకంగా చెప్పేసరికి వినోద్‌కి పంతం వచ్చింది. పరిగెత్తించడం చేతనైనవాడికి మెల్లగా నడిపించడం ఒక లెక్కా? ఆట సెట్టింగుల్లోకి వెళ్ళి నీడలు పెంచాడు. వాన చినుకులు పెంచాడు. నీటి మీద మెరుపులు నిండుగా పెట్టాడు. కార్డు మీద బరువు పెరిగేకొద్దీ అంకె దిగింది. పదమూడు, పన్నెండు. అక్కడ ఆపాడు. సముద్రం ఇదివరకెప్పుడూ లేనంత అందంగా ఉంది, పడవ మాత్రం తాపీగా సాగుతోంది.

అనిత మళ్ళీ లెక్కపెట్టింది. సరిగ్గా పదికి పడవ రెండో రాయి చేరింది.

"ఇదేనన్నా! ఇదే!" ఆ పిల్ల ముఖం చూసి వినోద్‌కి కూడా సంతోషం ఆగలేదు. బయటపడకుండా మానిటరు తుడిచాడు.

నరసింగరావు పగలబడి నవ్వాడు. "బోర్డు మార్పించీరా. ఇచ్చట కంప్యూటర్లు నెమ్మది సేయబడును."

"నవ్వు మావా, నవ్వు. పన్నెండు ఫ్రేముల మిషను నా బెంచీ దిగడం ఇదే మొదలు." వినోద్ అనిత వైపు తిరిగాడు. "ఇలాగ ఎన్నాళ్ళమ్మా?"

"ఈ నెలకి పన్నెండు సాలు. వచ్చే నెల వస్తాను, పదిహేను సెయ్యి. తరవాత ఇరవై. ఏడాది తిరిగీసరికి నీ కొత్త కార్డు నానే అట్టుకెల్తాను, ఎవులికీ ఇచ్చీకు."

ఆమె గొంతులో వీసమెత్తు అనుమానం లేదు. వినోద్‌కి అదే అర్థం కాలేదు.

"మీ నాన్న అరవై దాకా వస్తాడని అంత నమ్మకమున్నప్పుడు, ఆ అరవై ఇప్పుడే ఇచ్చీవొచ్చు గదా. మజ్జిలో ఈ మెట్లెందుకు?"

అనిత సీపీయూని రెండు చేతులా ఎత్తుకుంది.

"నాన్నది పక్షవాతం పడిన సెయ్యన్నా, ఇప్పుడిప్పుడే కదుల్తన్నాది."